ఆవిరి ఆగేదాకా మూత తీయొద్దు!

హుజూరాబాద్‌లో మా ఇంట్లో ఆదివారం పొద్దున వాఫుల్స్ చేస్తానంటే మా గల్లీలో ఆడవాళ్ళు నమ్మలేదు. నమ్మినవాళ్ళు నవ్వారు. "అదేందక్కా, అట్టా? రొట్టెనా?" అని ఎదురింటి కోడలు అడిగింది. "రెండూ కాదు, తిని చెప్పు" అని ఒకటి చేతిలో పెట్టాను. సగం తిని, మిగిలిన సగం వాళ్ళ బాబుకు పట్టుకుపోయింది. ఆ రోజునుంచి నవ్వడం మానేసి కొలతలు అడుగుతోంది. ఆమెకు చెప్పినవన్నీ మీకూ చెబుతాను. కానీ ముందు, అరవై దాటిన వయసులో నాకీ వాఫుల్స్ పిచ్చి ఎందుకు పట్టుకుందో చెప్పాలి. అది చెప్పకుండా పిండి కలపడం మొదలుపెడితే సగం దాచిపెట్టినట్టే అవుతుంది.

2019 జూన్‌లో మా పెద్దబిడ్డ, అల్లుడు, నాలుగేళ్ళ మనవరాలు అమెరికా నుంచి వచ్చారు. వాళ్ళుండేది టెక్సాస్‌లో, డల్లాస్ పక్కన. పిల్ల పుట్టిన తర్వాత మా ఇంటికి రావడం అదే మొదలు. నేను నెల ముందునుంచే హడావుడి పడ్డాను. పండుగ కాకపోయినా సకినాలు చుట్టాను. గరిజెలు, మడుగుపూలు, మురుకులు చేసి డబ్బాలకెత్తాను. మా అత్తమ్మకు అప్పటికే ఎనభై రెండేళ్ళు. మోకాళ్ళు పట్టేసినా మంచం మీద కూర్చునే నువ్వులు ఏరి ఇచ్చింది. మునిమనవరాలు సకినం కొరుకుతుంటే చూడాలని ఆమె కోరిక.

పిల్ల ఏదీ ముట్టలేదు. పప్పన్నం ముద్ద పెడితే ఉమ్మేసింది. బర్రెపాలు వాసనంది. సకినాన్ని గాజులాగా వేళ్ళకు తగిలించుకుని కాసేపు తిప్పి పక్కన పెట్టింది. "దీనికి వాఫుల్ కావాల్నట" అని మా బిడ్డ అల్లుడితో అంటుంటే విన్నాను. అదేమిటో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఇంటినిండా ఇన్ని ఉండగా ఇంకొకటి ఎందుకనుకున్నాను. నాలుగు రోజులు బిస్కెట్లు, అరటిపండ్లతో గడిచాయి. ఐదో రోజు వాంతులు, విరేచనాలు. కరీంనగర్ తీసుకుపోతే రెండు రోజులు సెలైన్ ఎక్కించారు.

రెండో రోజు రాత్రి ఆసుపత్రి వరండాలో నేను అనకూడని మాట అన్నాను. "కన్నతల్లివై పిల్లకు అన్నం తినుడు నేర్పకపోతివి. ఏం సంసారం జేస్తున్నవక్కడ?" అన్నాను. మా బిడ్డ కాసేపు నా మొహం చూసింది. "దీన్ని నీ దగ్గరికి తెచ్చుడే నా తప్పు" అంది. పిల్లకు నయం కాగానే టికెట్లు మార్చుకుని వారం ముందే వెళ్ళిపోయారు. సకినాల డబ్బా మూత కూడా తీయని రోజులు అవి. చివరికి పనిమనిషి పిల్లలకు ఇచ్చేశాను.

తర్వాత కరోనా వచ్చింది. 2021లో మా అత్తమ్మ పోయింది. మా బిడ్డ రాలేకపోయింది, ఫోన్లో వీడియో చూసి ఏడ్చింది. ఆ మూడేళ్ళూ మా ఇద్దరి మాటలు లెక్కపెట్టినట్టే ఉండేవి. "తిన్నరా?" "తిన్నం." "పిల్ల మంచిగుందా?" "మంచిగనే ఉంది." వాళ్ళ నాన్నతో మాత్రం గంటసేపు మాట్లాడేది. నేను వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపి వినేదాన్ని.

2022లో దసరాకు ముందు ఒకరోజు ఫోను నాకిమ్మని అడిగింది. "అమ్మా, డిసెంబర్ల కాన్పు. వస్తవా?" అంది. అంతే. నాకు వీసా అంతకుముందే తీసి పెట్టుకున్నది ఉంది. నవంబరులో బయలుదేరాను.

అక్కడికెళ్ళిన మర్నాడు పొద్దున నేను చూసింది చెబుతాను. ఆరున్నర అయింది, బయట ఇంకా చీకటే. నిండుచూలాలు నా బిడ్డ ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన గుండ్రటి బిళ్ళలు రెండు తీసి టోస్టర్‌లో వేసింది. పిల్లకు జడ వేసింది. టోస్టర్ టక్కుమనగానే ఆ బిళ్ళల మీద ఏదో పాకం పోసింది. పిల్ల నిలబడే తిని బ్యాగు తగిలించుకుని బస్సెక్కింది. మా బిడ్డ పిల్ల వదిలిన ముక్క నోట్లో వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. మొత్తం ఇరవై నిమిషాలు. మూడేళ్ళ కింద నేను అడిగిన ప్రశ్నకు జవాబు నా కళ్ళముందే కనబడింది. ఏ సంసారం చేస్తున్నదో చూశాను.

ఇట్లా గడ్డకట్టించిన వాఫుల్స్ పెట్టెల్లో పెట్టి అమ్మడం అమెరికాలో 1950లలో మొదలైందట. పొద్దున్నే పనికి పరుగెత్తే ఇళ్ళకు అదొక ఆసరా. రుచి మాత్రం నాకు నచ్చలేదు. "మరి అసలుది ఎట్లుంటది?" అని అడిగితే, "ఆదివారం ఆయన చేస్తడు, చూడు" అంది.

ఆదివారం అల్లుడు అలమారలోంచి మిషను దించాడు. పుస్తకంలా తెరుచుకునే రెండు పెనాలు, రెండింటికీ లోపలివైపు గళ్ళు గళ్ళుగా దిమ్మెలు. మధ్యలో పిండి పోసి మూస్తే రెండువైపులా ఒకేసారి కాలుతుంది. ఆ దిమ్మెలు నొక్కినచోట గుంటలు పడతాయి, తేనెపట్టులాగా. ఆ గుంటల్లో వెన్న, పాకం నిలవాలి. పైన కరకరలాడాలి, లోపల మెత్తగా ఉండాలి. చూడగానే నాకు మన గులాబీ పువ్వుల అచ్చు గుర్తొచ్చింది. అచ్చు నూనెలో బాగా కాగకుండా పిండిలో ముంచితే పువ్వు ఊడి రాదు కదా, ఇదీ అదే జాతి అనుకున్నాను. తెలిసిన విద్యే అనుకోవడంలోనే దెబ్బతిన్నాను.

తర్వాతి ఆదివారం అల్లుడికి ఆఫీసు పని పడింది. "నేను చేస్త" అని నేనే ముందుకొచ్చాను. పిండి కలిపాను. గడ్డల్లేకుండా ఉండాలని గారెపిండిలాగా గిలకొట్టాను. పోసి మూత వేశాను. పక్కలనుంచి ఆవిరి బుసబుస వస్తోంది. మాడిపోతుందేమోనని భయమేసి మూత ఎత్తాను. వాఫుల్ నిలువునా రెండు పొరలుగా చీలి సగం పై పెనానికి, సగం కింది పెనానికి అతుక్కుంది. చెంచాతో గీకుతుంటే వెనకనుంచి నవ్వు వినిపించింది. మా మనవరాలు. నేనొచ్చిన పది రోజుల్లో నన్ను చూసి నవ్వడం అదే మొదలు. స్టూలు లాక్కుని నా పక్కన ఎక్కింది. "నో, నో, అమ్మమ్మా! స్టీమ్ ఆగాలి. స్టీమ్ ఆగినంక ఓపెన్" అంది. వచ్చీరాని తెలుగే. కానీ నాతో మాట్లాడింది, అదీ తనంతట తాను.

మళ్ళీ పోశాం. ఇద్దరం మోచేతులు గట్టుమీద ఆనించి ఆవిరిని చూస్తూ కూర్చున్నాం. మొదట బుసబుసమని వచ్చింది. తర్వాత సన్నబడింది. ఆగిపోయింది. "నౌ!" అంది. మూత ఎత్తితే బంగారు రంగులో, ఎక్కడా అతుక్కోకుండా ఊడి వచ్చింది. ఆ వేళ వాఫుల్ గురించి ఏడేళ్ళ పిల్ల నాకు చెప్పిన మాట కంటే ముఖ్యమైనది తర్వాత ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పిండిలో తడి ఉన్నంతసేపూ ఆవిరి వస్తుంది. అది ఆగిందంటే పైపొర గట్టిపడ్డట్టు. లైటు వెలిగినా, గంట మోగినా నమ్మకండి, ఆవిరినే నమ్మండి.

డిసెంబరులో మనవడు పుట్టాడు. బాలింత పథ్యం, నూనె మర్దన, నీళ్ళుపోయడం అన్నీ నేనే చూసుకున్నాను. ఆదివారాలు మాత్రం నాకూ పెద్దపిల్లకూ వాఫుల్స్. ఆ పిల్ల ద్వారానే ఈ వాఫుల్ కథ కొంత తెలిసింది. వాళ్ళ బడి లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకంలో బొమ్మలు చూపించేది, మా అల్లుడు చదివి చెప్పేవాడు. యూరప్‌లో వందల ఏళ్ళ కిందటే పొడుగు కాడలున్న రెండు ఇనుపరేకుల మధ్య పిండి పెట్టి నిప్పులమీద కాల్చేవారట. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం ట్రాయ్ ఊరికి చెందిన కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ అనే ఆయన పొయ్యిమీద పెట్టి తిప్పే వాఫుల్ పెనానికి 1869 ఆగస్టు 24న పేటెంట్ తీసుకున్నాడు. అందుకే అక్కడ ఆగస్టు 24 వాఫుల్ రోజట! ఈ లోతు గుంటల 'బెల్జియన్ వాఫుల్' అమెరికాలో అందరికీ తెలిసింది 1964లో, న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో. బెల్జియం నుంచి వచ్చిన ఒక కుటుంబం స్ట్రాబెర్రీలు, మీగడ పెట్టి అమ్మిందట.

ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఆరెగాన్ యూనివర్సిటీలో బిల్ బవర్‌మన్ అని పరుగుపందేల కోచ్ ఉండేవాడు. నైకీ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకడు. 1970ల మొదట్లో, జారని బూటు అడుగు ఎట్లా చేయాలా అని ఆలోచిస్తూ భార్య వాఫుల్ పెనం చూశాడు. అందులో రబ్బరు మందు పోశాడు. పెనానికి జిడ్డు రాయడం మరిచిపోయాడు, పెనం మూసుకుపోయి మళ్ళీ తెరుచుకోలేదు. ఆ గళ్ళ అడుగుతోనే తర్వాత కోట్ల జతల బూట్లు అమ్ముడయ్యాయి. అందరూ ఆయన తెలివిని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ ఇల్లాలి పెనమే కళ్ళముందు మెదులుతుంది. పెళ్ళికి వచ్చిన కానుకట అది!

ఒక రాత్రి మూడు గంటలకు పసివాడికి పాలిస్తూ మా బిడ్డ అంది: "నాకు కూడ సర్వపిండి తినబుద్ధైతది అమ్మా. బియ్యప్పిండి, నువ్వులు అన్ని దొరుకుతయి. చేసుకునేటందుకే పొద్దు దొరకది." నేను అప్పుడే ఉతికిన గుడ్డలు మడతపెడుతున్నాను. వరండాలో అన్నమాట నాలుక చివరికి వచ్చింది. తప్పయిందని చెప్పాలనుకున్నాను. "రేపు చేస్త, పండు" అని మాత్రం అన్నాను.

2023 ఏప్రిల్‌లో తిరిగొచ్చేటప్పుడు మా బిడ్డ ఆ మిషన్నే నా పెట్టెలో చీరల మధ్య సర్దింది. "మేం వచ్చేవరకు మంచిగ నేర్చుకో" అంది. ఆ 'వచ్చేవరకు' అన్న మాట నేను హుజూరాబాద్ దాకా మోసుకొచ్చాను.

ఇంటికొచ్చిన మూడో రోజే ముహూర్తం పెట్టాను. అమెరికా ప్లగ్గు మన సాకెట్‌లో పట్టదు కదా, ప్రయాణానికి కొన్న అడాప్టర్ తగిలించాను. మా ఆయన పక్కనే పేపరు చదువుతున్నారు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పిన మనిషి. పిండి పోశాను. అరనిమిషంలో కాలిన వైరు వాసన. ఠప్పుమంది. ఇంట్లో కరెంటు పోయింది. అప్పుడాయన లేచి కళ్ళద్దాలు పెట్టుకుని, మిషను బోర్లించి అడుగున ఉన్నది చదివారు. "120 వోల్టులు" అన్నారు. మన ఇండ్లల్లో వచ్చేది 230. "వోల్టేజీ రెండింతలైతే వేడి నాలుగింతలైతది" అని పాఠం మొదలుపెట్టారు. "ఆ పాఠం అరగంట ముందు చెప్పాల్సింది సార్" అన్నాను.

అమ్మాయిలో అబ్బాయిలో అమెరికాలో ఉన్న తల్లులారా, ఇది గుర్తుంచుకోండి. అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుంది, అంతే. వోల్టేజీ మార్చదు. ఫోన్ చార్జర్ల మీద 100 నుంచి 240 అని రాసి ఉంటుంది, అవి ఎక్కడైనా పనిచేస్తాయి. వేడిచేసే సామాను, అంటే టోస్టరు, ఇస్త్రీపెట్టె, వాఫుల్ మిషను, అట్లా కాదు. వాటికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది మోయడానికీ బరువే, కొనడానికీ బరువే. ఆ డబ్బుతో ఇక్కడే కొనుక్కోవచ్చు.

నేను అదే చేశాను. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయితో గ్యాస్ మీద పెట్టుకునే జంటపెనం తెప్పించాను. కాడలు పట్టుకుని తిప్పుకునేది. ట్రాయ్ ఊరాయన చేసినదానికి మనవరాలు అనుకోండి. గాలిదుమారం వచ్చి కరెంటు పోయినా దీనికి దిగులు లేదు. ఏడాదిపాటు ప్రతి ఆదివారం చేసి మా ఆయనకు, గల్లీ పిల్లలకు పెట్టాను. పాడైనవీ తినిపించాను, పాపం. ఇప్పుడు కొలత కుదిరింది.

ఒక కప్పు మైదాకు పావు కప్పు మెత్తటి బియ్యప్పిండి కలుపుతాను. అమెరికాలో మక్క గంజిపిండి, అదే కార్న్‌ఫ్లోర్, వేసేవాళ్ళం. దానికంటే బియ్యప్పిండే నాకు బాగా కుదిరింది, కరకర ఎక్కువసేపు నిలుస్తుంది. అందులో ఒకటిన్నర చెంచా బేకింగ్ పౌడర్, పావు చెంచా ఉప్పు, ఒక పెద్ద చెంచా చక్కెర వేసి జల్లించాలి. వేరే గిన్నెలో ఒక కప్పు పాలు, ఒక గుడ్డు పచ్చసొన, పావు కప్పు కరిగించిన వెన్న. వెన్న మీద పిసినారితనం చేయకండి. కరకరకూ, పెనానికి అతుక్కోకుండా ఉండటానికీ అదే ఆధారం. తగ్గిస్తే రొట్టెముక్క అవుతుంది. పాలు మరీ చల్లగా ఉంటే వెన్న గడ్డకడుతుంది, గోరువెచ్చగా ఉండాలి. తడిదాన్ని పొడిదాంట్లో పోసి పది పన్నెండు సార్లు మాత్రమే గరిటె తిప్పాలి. చిన్న చిన్న గడ్డలు ఉన్నా ఉండనివ్వండి. నేను టెక్సాస్‌లో చేసినట్టు గిలకొడితే మైదాకు జిగురు పుట్టి వాఫుల్ తోలులాగా సాగుతుంది. చివర తెల్లసొనను ఫోర్కుతో నురుగు నిలబడేదాకా గిలకొట్టి, పిండిలో పైకీ కిందికీ మెల్లగా కలపాలి. చెయ్యి నొప్పి పుడుతుంది, నిజమే. కానీ ఆ నురుగుతోనే లోపల దూదిలాగా అవుతుంది. దీనికి నాలుగు వాఫుల్స్ వస్తాయి.

గుడ్డు తినని ఇళ్ళలో, లేక మాలాగా శనివారం ముట్టని వాళ్ళు, గుడ్డు బదులు పావు కప్పు చిక్కటి పెరుగు, చిటికెడు వంటసోడా వేసుకోవచ్చు. కొంచెం గట్టిగా వస్తుంది, చెడ్డగా ఏమీ ఉండదు. మజ్జిగ పులిసి ఉంటే పాలకు బదులు అదే పోసి పావు చెంచా సోడా వేయండి. ఆ పులుపుకు రుచి పెరుగుతుంది. రాత్రే కలిపి పెట్టుకుందామంటే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. బేకింగ్ పౌడర్ బలమంతా రాత్రే అయిపోతుంది.

పెనం రెండువైపులా మధ్యమంట మీద రెండేసి నిమిషాలు కాగాలి. నీటిచుక్క వేస్తే చిందులు తొక్కాలి. గుంటలన్నిట్లోకీ వెళ్ళేలా నూనె అద్దాలి. గుడ్డ ముక్కకంటే సగం కోసిన ఉల్లిగడ్డ కాడకు గుచ్చి రుద్దడం మేలనుకున్నాను గానీ, తీపి వాఫుల్‌కు ఉల్లి వాసన పట్టింది. మీరు బ్రష్షే వాడండి. పిండి నిండా పోయకండి, ముప్పావు చాలు, మూస్తే అదే పరుచుకుంటుంది. అరనిమిషం ఆగి తిప్పాలి. తర్వాత రెండువైపులా రెండు మూడు నిమిషాలు. మిగతాది ఆవిరి చెబుతుంది.

ఇక వడ్డన. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. మనకు అట్లు, చపాతీలు ఒకదానిమీద ఒకటి పేర్చే అలవాటు. వాఫుల్స్ పేరిస్తే ఐదు నిమిషాల్లో చెమ్మగిల్లి తడిగుడ్డ అవుతాయి. పళ్ళెంలో ఒక్కటే పెట్టినా అడుగు చెమర్చుతుంది. నేను పిండి జల్లెడ బోర్లించి దానిమీద విడివిడిగా పెడతాను. కిందనుంచీ గాలి ఆడుతుంది. అందరికీ ఒకేసారి పెట్టాలంటే చివర్లో ఉత్తి పెనం మీద, సన్నమంట మీద, అటొక నిమిషం ఇటొక నిమిషం కాల్చండి, మళ్ళీ కరకరమంటాయి. ఎక్కువ చేసి ఫ్రీజర్‌లో కూడా దాచుకోవచ్చు. పాకం ముందే పోసి తేకండి, తినేవాళ్ళే పోసుకోవాలి.

ఇంకొక మాట. ఇంట్లో అందరికీ పెట్టి, చివరిది, చల్లారింది, విరిగింది మనం తినడం మనకు రివాజు. వాఫుల్ విషయంలో ఒప్పుకోకండి. నేను మూడోది స్టవ్ పక్కనే నిలబడి తింటాను. మొదటిది ఎట్లాగూ సరిగా రాదు, రెండోది పిల్లలది. మూడోది చేసిన మనిషిది.

పైన పోసేది అమెరికాలో మేపుల్ సిరప్. ఆ చెట్టుకు గాటుపెట్టి తీసిన నీళ్ళు సుమారు నలభై లీటర్లు కాస్తే ఒక లీటరు పాకం అవుతుంది. ధర ఎందుకు మండిపోతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. మనకు బెల్లం ఉండగా ఎందుకు? ఒక కప్పు బెల్లం, అరకప్పు నీళ్ళలో కరిగించి వడకట్టి, వేళ్ళకు జిగురుగా తగిలేదాకా మరిగించండి. తీగపాకం రానివ్వకండి, చల్లారితే గడ్డ అవుతుంది. చిటికెడు శొంఠి, యాలకుల పొడి, ఒక చెంచా నెయ్యి. ఎండాకాలమైతే జగిత్యాల మామిడిపండ్లు రసం తీసి పోయండి, ఇంకేమీ అక్కర్లేదు. మా ఆయనకు షుగర్. ఆయనకు చక్కెర మానేసి, మైదా సగం తీసి జొన్నపిండి వేసి, పచ్చిమిర్చి, ఉల్లాకు, జీలకర్ర, నువ్వులు కలిపి కాలుస్తాను. మొత్తం జొన్నపిండి వేస్తే పట్టు ఉండక విరిగిపోతుంది. మామిడికాయ తొక్కుతో రెండు తింటారు, మూడోది అడిగితే వినబడనట్టు ఉంటాను.

2024 జూన్‌లో వాళ్ళు వచ్చారు. ఐదేళ్ళ తర్వాత. పెద్దపిల్లకు తొమ్మిదేళ్ళు, చిన్నవాడికి ఏడాదిన్నర. మొదటిరోజు రాత్రి నాకు నిద్రలేదు. నాలుగింటికే లేచి వెన్న బయట పెట్టాను. విమానం అలసటకు పిల్ల కూడా ఐదింటికే లేచి వంటింట్లోకి వచ్చింది. స్టవ్ మీద జంటపెనం చూసి ఆగిపోయింది. "అమ్మమ్మా, ఇదేంది? ప్లగ్ లేదు?" అంది. "తిప్పాలె" అన్నాను. కాడలు పట్టుకుని తిప్పింది. ఇద్దరం నిలబడి ఆవిరి ఆగేదాకా చూశాం. రెండు తింది. బెల్లం పాకం వేలితో నాకి, "ఇది మేపుల్ కాదు" అంది. కాదన్నాను. మళ్ళీ పోసుకుంది. మా బిడ్డ చంకలో పిల్లవాడితో గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో నాకు తెలియదు.

వారం తర్వాత సర్వపిండి చేస్తుంటే పిల్ల మళ్ళీ వచ్చింది. తెలియనివాళ్ళకు చెబుతున్నాను. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, వెల్లుల్లి, ఉల్లాకు, కరివేపాకు వేసి గట్టిగా కలిపి, సర్వ లోపల నూనె రాసి అడుగునా పక్కలకూ వేళ్ళతో పలచగా ఒత్తుతాం. ఒత్తినదానికి వేలితో గుంటలు పెట్టి, ఒక్కో గుంటలో నూనెచుక్క వేస్తాం. మూతపెట్టి సన్నమంట మీద ఉంచితే అడుగు ఎర్రగా, కరకరలాడుతూ ఊడివస్తుంది. కొన్ని ఊళ్ళల్లో గిన్నెప్ప అంటారు, నల్గొండవైపు తపాలచెక్క అంటారు. పిల్ల నేను పెట్టే గుంటలు చూసి, "వాఫుల్!" అంది. "అవును, నూనె నిలవాలె గద" అన్నాను. మిగతా గుంటలన్నీ తనే పెట్టింది, అవసరానికి మించి. కారం తగ్గించినా లోపలిది తినలేకపోయింది. అడుగునున్న కరకర ముక్క మాత్రం గీకి గీకి తింది. చిన్నప్పటినుంచీ ఆ అడుగు ముక్క మా బిడ్డది. "ఏయ్, అది నాది" అని లాక్కోబోయింది. తల్లీబిడ్డలు వంటింట్లో కొట్లాడుకున్నారు. తర్వాత మా బిడ్డ, "నానమ్మ ఉంటే చూసేది" అని ముఖం తిప్పుకుంది. ఆసుపత్రి వరండా మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

వెళ్ళేటప్పుడు మా అత్తమ్మ వాడిన చిన్న సర్వ అడిగి పట్టుకుపోయింది. వాళ్ళింట్లో స్టవ్ గ్యాసుదే, పనికొస్తుంది. మొన్నొక ఆదివారం వీడియో ఫోను. వెనక వాఫుల్ మిషను ఆవిరి కక్కుతోంది. దానిముందు పెద్దపిల్ల తమ్ముడిని స్టూలు మీద నిలబెట్టి పట్టుకుని ఉంది. మా బిడ్డ చేతిలో సర్వ. మొదటిది మంచిగ వచ్చిందట, రెండోది ఒత్తితే అతుక్కోవడం లేదట, వేళ్ళు కాలుతున్నాయట.

"సర్వ చల్లార్చినవా?" అన్నాను.

"లేదమ్మా. వాఫుల్ లెక్క వేడిమీదనే చేస్తున్న."

"దానికి వేడి గావాలె, దీనికి చల్లగుండాలె. నల్లకింద బోర్లించి, తుడిచి, మళ్ళ నూనె రాయి."

ఫోను గట్టుమీద అట్లాగే ఆనించి సర్వను నల్లకింద పెట్టింది. చుయ్‌మని చప్పుడు నాకు ఇక్కడిదాకా వినిపించింది.